అమ్మ కార్జంలో సగం

మా అమ్మ మబ్రూకాకు కార్జం లేదని మా ఊరు బేజాలో వీధివీధంతా అనేది. కార్జమంటే మాకు జీలకర్ర వేసి వండుకునే లివర్ ముక్క ఒక్కటే కాదు, కడుపుతీపి కూడా. పిల్లల్ని ముద్దు చేసినా "నా కార్జమా" అనే అంటాం. మా అమ్మ మాత్రం నన్ను ఒక్కసారైనా అలా పిలిచిన పాపాన పోలేదు. జడ వేస్తే నెత్తి ఊడివచ్చేట్టు వేసేది. జ్వరమొస్తే మందు మింగించి, పక్క గదిలోకి పోయి కూర్చునేది.

అలాంటి మనిషి ఇప్పుడు రాజధానిలో, పెద్దాసుపత్రి ఆపరేషన్ గదిలో, తన కార్జం సగం కోయించుకుంటోంది. నా కోసం కాదు. మా నాన్న మొదటి భార్య కొడుకు హమ్మాది కోసం. నేను బయట వసారాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

హమ్మాదికి లివర్ పాడైపోయింది. అయినవాళ్లెవరైనా సగం ఇస్తే బతుకుతాడన్నారు. నాన్నకు చక్కెర జబ్బు, పనికిరాడు. ఇక రక్తం పంచుకున్నదాన్ని నేనే. సోమవారం పరీక్షకు వెళతానని ఒప్పుకున్నాను. భయపడుతూనే ఒప్పుకున్నాను. ఈలోగా అమ్మ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పోయి పరీక్షకు తన రక్తం ఇచ్చి వచ్చింది. ఆమెది సరిపోయింది. నీ అవసరం లేదు, నీ పని చూసుకో అంది నాతో. అంతే, ఇంకో మాట లేదు.

అప్పట్నించీ నాకు ఒళ్లు మండుతూనే ఉంది. పండక్కి కార్జం కూర వండితే ముక్కలు వాడి కంచంలో పడేవి, నాకు పులుసూ రొట్టే. ఇప్పుడు ఏకంగా తన ఒంట్లోదే వడ్డిస్తోంది.

పొద్దున ఇద్దర్నీ లోపలికి తోసుకుపోతుంటే హమ్మాది, "పిన్నీ, జీలకర్ర వేసి పంపేవు సుమా, పచ్చిదే చాలట" అన్నాడు. నోర్మూసుకుని పడుకోరా అంది అమ్మ. నా వైపు చూడనైనా చూడలేదు.

బెంచీ మీద కూర్చున్న మా మేనత్త మన్నూబియా పుండు మీద కారం చల్లడంలో ఆరితేరిన మనిషి.

"సగం కార్జం వాడి ఒంట్లోకి పోతే సగం ప్రేమ పోయినట్టేనే సాల్హా. అసలు ఉన్నదే చిటికెడు. ఇంక నీకేం మిగులుతుంది?"

మందుల కొట్లో పనిచేస్తాను నేను. లివర్ చేసే పనేమిటో నాకు తెలుసని, అందులో ప్రేమా లేదు, దోమా లేదని గయ్యిమన్నాను. అన్నానేగానీ, కుడి పక్కటెముకల కింద ఏదో పిండేస్తోంది. చెయ్యి తీస్తే మళ్లీ అక్కడికే పోతోంది. తలకు తెలిసిన సంగతి పక్కటెముకలు వింటేగా! కూర్చుంటే మంట, లేస్తే మంట.

మధ్యాహ్నం డాక్టరు బయటికొచ్చి ఇద్దరూ బాగున్నారన్నాడు. కోసిన లివర్ కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతుందన్నాడు. పెరిగినది పాతదానిలాగే ఉంటుందా అని అడిగాను. పరిమాణం గురించి అనుకున్నాడు పాపం, దాదాపు అంతే ఉంటుందని చెప్పి వెళ్లిపోయాడు.

అమ్మ దగ్గరికి నన్ను మర్నాడు పంపారు. మొహం పాలిపోయి ఉంది. ఎలా ఉందని అడగాల్సినదాన్ని, నోరు ఆగలేదు.

"వాడి మీద ఇంత కార్జం ఎప్పట్నించి పుట్టుకొచ్చింది నీకు?"

అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"వాడి మీదా? వాడు మంచోడే, బతకాలి. అయితే మాత్రం వాడి కోసం నేను కత్తి కిందికి పోతానా? నువ్వు సోమవారం పోతానన్నావు. నిన్ను కోస్తారంటే ఇక్కడ భగ్గుమంది." చెయ్యి కట్టు మీదికి పోయి, నొప్పికి వెనక్కి వచ్చింది. "కోస్తే నాదే కోసుకోనీ అనుకున్నా."

ఆ మంట ఇప్పుడెలా ఉందని అడిగాను.

"సగం కోసి పట్టుకుపోయినా తగ్గలేదే" అంది విసుగ్గా. "నిన్నట్నించి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదట నువ్వు. పో, పోయి ఏదన్నా తిను."

నేను మంచం పక్కన కూలబడి ఏడ్చాను. ఎంత తిట్టినా లేవలేదు.