వడ్ల కింద ముఖం

పొద్దున్నే షట్టర్ పైకెత్తి, ముందర నీళ్లు చల్లి, మెషీన్‌కు ఒక అగరొత్తి చూపించి పని మొదలుపెట్టడం హిమజకు అలవాటు. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుందంటే ఇబ్రహీంపట్నంలో పుట్టినరోజులవాళ్లు, పెళ్లివాళ్లు, పోయినవాళ్లు, పదవి వస్తుందని నమ్మకం పెట్టుకున్నవాళ్లు, అందరి ముఖాలూ ఆమె చేతి కిందికి రావాల్సిందే. మచ్చలు తుడుస్తుంది, బట్టతలకు జుట్టు అతుకుతుంది, వెనకాల పూలో సూర్యుడో పెడుతుంది. సాగర్ రోడ్డు మీద శ్రీపాల్ ఫ్లెక్సీల దుకాణానికి గిరాకీ కొదవ లేదు. చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయ్యాక జనానికి తమ ముఖం గోడెత్తున చూసుకోవాలన్న సరదా పుట్టింది.

ఆ దుకాణం ఫ్లెక్సీలకు ఒక గుణం ఉంది. కట్టిన తర్వాత కాస్త ఎండ తగిలితే చాలు, బొమ్మలోని ముఖం తనకు అన్నిటికంటే ఇష్టమైనదాని వైపు తిరుగుతుంది. శ్రీపాల్ ఆ మెషీన్‌ను తుక్కుగూడలో పాతదిగా కొన్నాడు, అప్పటి నుంచీ అంతే. చెరువు నిండితే అలుగు పారుతుంది, ఎండ పడితే ముఖం తిరుగుతుంది, అందులో అడగడానికేముంది? పెళ్లి ఫ్లెక్సీలో పిల్లవాడి ముఖం పెళ్లికూతురి వైపు కాక గేటు బయట పెట్టిన కొత్త బండి వైపు తిరిగితే, పిల్ల తల్లి ఒక నిట్టూర్పు విడిచి వడ్డన చూసుకోవడానికి పోయేది. వార్డు నాయకుడి ముఖమైతే రోడ్డవతల కట్టిన తన ఇంకో ఫ్లెక్సీనే చూస్తూ మురిసిపోయేది.

ఇంతమంది ముఖాలు ఎక్కించిన హిమజ తన ముఖం మాత్రం ఎన్నడూ ఎక్కించుకోలేదు. అన్న సుశాంత్ ప్లాట్ల ఆఫీసు తెరిచినప్పుడు ఇంటిల్లిపాదినీ ఫ్లెక్సీ మీద పెట్టమంటే, తన ఫొటో పాడైందని బొంకింది. తన ముఖం ఎటు తిరుగుతుందో ఆమెకు తెలుసు. తేజస్వి ఎటు నడిస్తే అటు తిరుగుతుంది.

తేజస్వి పట్టాభిరామయ్య గారి అమ్మాయి. భీమవరం నుంచి వచ్చి మన్నెగూడలో కర్రీ పాయింట్ పెట్టుకున్న కుటుంబం. ఆ కొట్టు ఫ్లెక్సీ కోసం వచ్చి, తండ్రి మీసం ఒక పక్క తగ్గిందని హిమజతో తెగ దెబ్బలాడింది. దెబ్బలాట స్నేహమైంది, స్నేహం ఇంకొకటైంది. ఇప్పుడు సిటీలో ఒక లాయరు దగ్గర పనిచేస్తోంది. మూడేళ్లుగా ఇద్దరి సంగతీ ఇద్దరికే తెలుసు, మూడోమనిషి చెవిన పడితే ఏమవుతుందోనని హిమజకు తిన్నది ఒంటపట్టదు.

ఆ ఎండాకాలం ఢిల్లీలో పెద్ద కోర్టు, ఆడవాళ్లు ఆడవాళ్లను, మగవాళ్లు మగవాళ్లను పెళ్లాడవచ్చా అన్న కేసు వింటోంది. దుకాణంలో టీవీ నిండా అదే గోల. కొడుకు పెళ్లి ఫ్లెక్సీ కోసం వచ్చిన వీరస్వామి కాసేపు చూసి, "ఇద్దరు పిలగాండ్లే ఐతే చి.ల.సౌ. అని ఎవలికి పెడ్తవ్ శ్రీపాలూ?" అన్నాడు.

"ఇద్దరికి ఒట్టి చిరంజీవి పెడ్త కాక. నాదేం బోయింది?" అన్నాడు శ్రీపాల్.

అందరూ నవ్వారు. నవ్వకపోతే బాగుండదని హిమజ కూడా నవ్వింది.

"ఊరోళ్లదైతే నవ్వుతం చెల్లె," అన్నాడు శ్రీపాల్ ఆమె వైపు తిరిగి. "మనింట్ల ఐతే కాళ్లిరగ్గొట్టి కూసోవెడ్తం."

శ్రీపాల్ చెడ్డవాడేం కాదు. హిమజ తండ్రి కృష్ణయ్య పోయినప్పుడు పిలవకుండా వచ్చి నిలబడినవాడు. అంత మంచివాడు అంత మామూలుగా ఆ మాట అనేసరికి హిమజ చూపు స్క్రీన్ మీదికి తిప్పేసుకుంది. ఇంక తన అన్న ఏమంటాడో!

మధ్యాహ్నం శ్రీపాల్ భోజనానికి పోయాక తేజస్వి వచ్చింది. చేతిలో పెన్‌డ్రైవ్.

"ఆదివారం ధర్నా చౌక్‌లో కూర్చుంటున్నాం. నాలుగు జంటలు ఫ్లెక్సీ మీద ముఖాలు వేయడానికి ఒప్పుకున్నారు. ఐదోది నాది."

"ఒక్కదానివి జంటెట్లయితవ్?"

"అదే నిన్ను అడుగుదామని వచ్చాను."

హిమజ గభాలున రోడ్డు వైపు చూసింది, ఎవరైనా విన్నారేమోనని. "నాతోని గాదు తేజూ. అన్న హయత్‌నగర్ సంబంధం తెచ్చిండు. వినీత్ అంట పిలగాని పేరు. వచ్చే శుక్రవారం చూసుకోనీకె వస్తున్నరు. గిప్పుడు నా మొకం ఫ్లెక్సీ మీద కనవడ్డదనుకో..."

"నీకు డెంగీ వచ్చినప్పటి సంగతి గుర్తుందా?" తేజస్వి గొంతు పెంచలేదు. "నువ్వు ఐసీయూలో ఉన్నావు. మీరేమవుతారమ్మా అన్నారు. ఫ్రెండ్‌నన్నాను. అయితే బయట కూర్చో అన్నారు. మెట్ల మీద కూర్చున్నాను హిమా. నువ్వు బతికి ఉన్నావో లేదో మీ అన్నయ్య ముఖం చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. నాకు పెళ్లి కావాలంటున్నది బాజాలకీ భోజనాలకీ కాదు. ఇంకోసారి ఆ మెట్ల మీద కూర్చోలేక."

హిమజ తన ఫొటో ఇవ్వలేదు. ఫ్లెక్సీ మాత్రం వేసిపెట్టింది. నాలుగు జంటలు, చివర ఒంటరిగా తేజస్వి. తేజస్వి ముఖం ఎలాగూ ఇబ్రహీంపట్నం దిక్కుకు తిరుగుతుంది, ఆ దిక్కున లక్షమంది ఉంటారు, ఎవరు కనిపెడతారులే అని గుండె చిక్కబట్టుకుంది. తాను అటువైపు తొంగిచూడకూడదని ఒట్టు కూడా పెట్టుకుంది.

ఆదివారం వచ్చేసరికి ఇంట్లో కాలు నిలవలేదు. దుకాణానికి సరుకు చూసి వస్తానని తల్లికి చెప్పి, స్కూటీల మీద పోయే ఆడపిల్లల్లా కళ్లు తప్ప మిగతా ముఖమంతా ఆకుపచ్చ చున్నీ చుట్టుకుని సిటీ బస్సెక్కింది. దూరం నుంచి ఒక్కసారి చూసి వచ్చేద్దామనుకుంది.

ధర్నా చౌక్‌లో ఒక వందమంది ఉంటారేమో. ఏడు రంగుల గొడుగులు, ఒక డప్పు, నీడలో కుర్చీలేసుకున్న పోలీసులు. "పెళ్లి హక్కు అందరికీ!" అని అరిచి అరిచి తేజస్వి గొంతు బొంగురుపోయింది. దారినపోయే పెద్దాయన ఒకడు ఆగి, "పిల్లలు పుట్టని పెండ్లి పెండ్లెట్లయితదమ్మా?" అని నిలదీశాడు.

"మా పిన్నికి పిల్లల్లేరు పెదనాన్నగారూ. ఆవిడ పెళ్లి చెల్లదని మీ గవర్నమెంటు చెప్పలేదే?"

"అది వేరు, ఇది వేరు," అన్నాడాయన. అన్నాడే గాని పోలేదు, గొడుగు నీడలోకి జరిగి వాదన పెట్టుకున్నాడు.

హిమజ టీ బండి వెనక నిలబడి ఇదంతా చూస్తోంది. అప్పుడు చూసింది ఫ్లెక్సీని. నాలుగు జంటలూ ఎంచక్కా ఒకరివైపు ఒకరు తిరిగి ఉన్నారు. చివరనున్న తేజస్వి ముఖం ఏ ఇబ్రహీంపట్నం వైపూ తిరిగి లేదు. తిన్నగా టీ బండి వైపు చూస్తోంది. హిమజ చెట్టు చాటుకు జరిగింది. ముఖం చెట్టు వైపు తిరిగింది. ఆటో వెనక్కి పోయింది. అక్కడికీ తిరిగింది. ఇన్నేళ్లు ఫ్లెక్సీలు వేసిన మనిషి, ఒక చున్నీ చుట్టుకుంటే సరిపోతుందని ఎలా అనుకుందో!

"ఆ ఫ్లెక్సీలో అమ్మాయి ఎవరినో చూస్తోంది. ఆ చూపు వెంబడి పో," అని ఒక టీవీ విలేకరి కెమెరామన్‌ను పురమాయించాడు. కెమెరా జనాన్ని తోసుకుంటూ రాసాగింది. మైకు పట్టుకున్న తేజస్వి కూడా అటు చూసింది, చూసి గుర్తుపట్టింది. రమ్మన్నట్టు చెయ్యి చాచింది.

హిమజ పరిగెత్తింది. వెనక నుంచి పిలిచినట్టనిపించినా ఆగలేదు. కదులుతున్న బస్సెక్కి, కూర్చున్నాక, చాచిన ఆ చెయ్యి కళ్లలో మెదిలి, చున్నీ లోపల ముఖం దాచుకుని ఏడ్చింది. సాయంత్రం ఇంట్లో టీవీలో ఆకుపచ్చ చున్నీ ఒకటి పరిగెత్తుతూ రెప్పపాటు కనిపించింది. సుశాంత్ అదే క్షణంలో క్రికెట్ పెట్టాడు. ఆ చున్నీని ఏ పెట్టె అడుగున దాచినా ఆమెకు నిద్ర పట్టలేదు.

మర్నాడు తేజస్వి దుకాణానికి ఫ్లెక్సీ చుట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది నువ్వే ఉంచు. మా ఇంట్లో పెడితే నాన్నగారు చూస్తారు."

"నీక్కూడ భయమున్నదా?"

"లేదని ఎప్పుడన్నాను? భయపడుతూనే కూర్చున్నాను." తేజస్వి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటాం. నిన్ను మాత్రం ఇంక పిలవను హిమా. పిలిచి, నువ్వు పారిపోతుంటే చూడటం నావల్ల కాదు."

ఆమె పోయాక హిమజ ఆ చుట్టను వెనక గదిలో పాత ఫ్లెక్సీల కుప్ప అడుగున తోసింది.

గురువారం అకాల వర్షం పడింది. తమకు మిగిలిన ఎకరంలో తల్లి లక్ష్మమ్మ కోయించిన వడ్లు కుప్ప మీదనే తడిసిపోయాయి. శుక్రవారం తెల్లారేసరికి ఎండ మళ్లీ ఫెళ్లున కాసింది. పెళ్లిచూపులున్నాయి కదా అని శ్రీపాల్ మధ్యాహ్నమే పొమ్మన్నాడు.

"మీ అన్న పొద్దుగాల వచ్చి పాత ఫ్లెక్సీలు ఒక మోపు ఎత్తుకపోయిండు. అమ్మ వడ్లు ఆరవోస్తదంట," అన్నాడు.

హిమజ వెనక గదికి పరిగెత్తింది. కుప్ప ఉన్నచోట నేల కనిపిస్తోంది.

ఇంటికి ఎలా పోయిందో ఆమెకే తెలియదు. వాకిలంతా ఫ్లెక్సీలు పరిచి ఉన్నాయి, వాటి మీద వడ్లు. నాయకుల చేతులు, పెళ్లికూతుళ్ల జడలు అంచుల్లో కనిపిస్తున్నాయి. తాను దాచింది ఏదో తెలియడం లేదు. పైకి కనిపించనంతవరకు ఫరవాలేదని ఊపిరి పీల్చుకునేలోపు, లక్ష్మమ్మ చీర ఎగదోపుకుని, కాళ్లతో వడ్లలో సాళ్లు తీస్తూ అటు చివరి నుంచి నడిచి వస్తూ కనిపించింది. వడ్లను తిరగేయడానికి ఊళ్లో ఆడవాళ్లంతా చేసే పనే అది.

లక్ష్మమ్మ ఆగిపోయింది. కాలి కింద ఒక ఆడపిల్ల ముఖం తేలింది. మనిషికి కాలు తగిలినట్టే కంగారుపడి, వంగి ఆ ముఖాన్ని ముట్టుకుని, చేతిని కళ్లకద్దుకుంది. అలా వంగి ఉండగానే ముఖం కదలడం చూసింది. హిమజ గేటు దగ్గర నుంచి తులసి గద్దె దాకా వచ్చింది, ముఖం గద్దె వైపు తిరిగింది. హిమజ నిలబడలేక గోడ వైపు పోయింది, ముఖం గోడ వైపు తిరిగింది. లక్ష్మమ్మ ముఖాన్ని చూసింది, కూతుర్ని చూసింది. దాని అర్థం ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

తల్లి అరిస్తే బాగుండును, కొట్టినా బాగుండును అనిపించింది హిమజకు. లక్ష్మమ్మ మళ్లీ ఆ ముఖం వైపే చూసింది.

గేటు ముందు బండి ఆగింది. సుశాంత్ దిగాడు. "అమ్మా, వాళ్లు మన్నెగూడ దాటిన్రంట! గిదింక తయారుగాలేదా?"

లక్ష్మమ్మ కాలితో వడ్లు జరిపి ఆ ముఖాన్ని కప్పేసింది. చాలా నెమ్మదిగా, పొలం పని చేస్తున్నట్టే చేసింది.

"ఫోన్ చేసి వాళ్లను రావద్దను బిడ్డా."

"ఏందీ?"

"పొల్లకు ఇష్టం లేదు."

"ఇష్టం లేదా! గిప్పుడు చెప్తరా గా ముచ్చట? నా మర్యాదేం గావాలె?" సుశాంత్ చెల్లెలి మీదికి రెండడుగులు వేశాడు. "ఎవడన్న ఉన్నడా? నిజం చెప్పు, ఎవడు వాడు?"

లక్ష్మమ్మ మధ్యలోకి వచ్చి నిలబడింది. "ఎవడు లేడు. నా కండ్ల మీద ఒట్టు, ఎవడు లేడు."

లక్ష్మమ్మ అబద్ధం ఆడే మనిషి కాదని ఊరంతా ఒప్పుకుంటుంది. ఆ రోజూ ఆడలేదు. సుశాంత్ పళ్లు కొరుకుతూ, "వాళ్లను అడ్డరోడ్డు కాడ ఆపి వస్త. వచ్చినంక మాట్లాడ్త మీ ఇద్దరితోని," అని బండి తిప్పాడు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా తల్లీకూతుళ్లు కదల్లేదు.

తర్వాత లక్ష్మమ్మ చతికిలబడి, ఆ ముఖం మీది వడ్లను చీర కొంగుతో తుడవసాగింది. ముక్కు పక్కన ఇరుక్కున్న గింజను వేలి కొసతో తీసింది.

"నీ బాపు పోయినప్పుడు గేటుకు ఫ్లెక్సీ కట్టిన్రు," అంది తలెత్తకుండా. "కర్మదినం దాంక నేను దాని ముంగటనే కూసున్న. ఆయన మొకం ఒక్కనాడన్న నా దిక్కు తిరుగలె బిడ్డా. అమ్మిన పొలం దిక్కే చూస్తుండె. ఇట్ల జరిగి కూసున్న, అట్ల జరిగి కూసున్న. అమ్మలక్కలు చూస్తున్నరని తానం చేసేటప్పుడు ఏడ్చిన. ఇన్నేండ్లు వండివెట్టిన మనిషిని గదా." ఆమె ఫ్లెక్సీ వైపు వేలు చూపింది. "ఈ పిల్ల జూడు. నువ్వు యాడికి పోతే ఆడికి తిరుగుతంది."

"అమ్మా..."

"నాకు భయమైతంది హిమజా. మస్తు భయమైతంది. మీ అన్నకు తెలుస్తది, ఊరికి తెలుస్తది. గీ సంగతేందో నాకు సమజ్ గాలె గూడ. అయినా నిన్ను నా లెక్క కానియ్య." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పేరేంది పిల్లది?"

"తేజస్వి."

"టీవీల ఉరికిన ఆకుపచ్చ చున్నీ నీదే గదా, గుర్తువట్టిన. మల్ల ఎప్పుడు కూసుంటున్నరు గా ధర్నాల?"

"ఐతారం."

"పోతవా?"

హిమజ ఆ ముఖం వైపు చూసింది. "పోత," అంది, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనకే అనుమానం వేసేంత మెల్లగా. ఫోన్ తీసి తేజస్వికి ఆ ఒక్క ముక్కే రాసి పంపింది.

"గట్ల అటుఇటు తిరుగకు మరి. ఒక్కకాడ కూసో," అంది లక్ష్మమ్మ. "ఆ పిల్లకు మెడ నొయ్యదా?"

హిమజ పోయి వడ్లలో ఆ ముఖం పక్కన కూర్చుంది. ఎండ మండిపోతున్నా ఇద్దరూ నీడకు పోలేదు. రోడ్డు మీద బండి చప్పుడైనప్పుడల్లా తల్లీ కూతురూ ఉలిక్కిపడి గేటు వైపు చూశారు. తేజస్వి ముఖం మాత్రం ఒక్కసారి కూడా గేటు వైపు చూడలేదు.