బావ కారు వైపరు

విజయనగరం గంటస్తంభం పక్క సందులో నరసింగరావుకి రేడియో రిపేరు కొట్టు ఉండేది. కొట్టంటే మరీ కొట్టూ కాదు. రెండు బల్లలూ ఒక స్టూలూ వేస్తే, మనిషి పక్కకి తిరిగి లోపలికి దూరాలి. అయినా అందులో కూర్చున్న నరసింగరావు దర్జా చూసి తీరాలి. ఎవరైనా మూగబోయిన రేడియో తెచ్చి బల్ల మీద పెడితే, దాని వీపు విప్పకుండానే లోపల ఏం పోయిందో చెప్పేవాడు. చాలాసార్లు అది నిజమయ్యేది. కానిసార్ల సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, మనం అడగడమూ మర్యాద కాదు.

చెల్లెలు నీలవేణిని మేనత్త కొడుకు బంగారురాజుకే ఇచ్చారు. కాపురం రెండు వీధుల అవతలే. బంగారురాజు షావుకారు నారాయణమూర్తిగారి అంబాసిడరు కారుని టాక్సీగా నడిపేవాడు. ఆమదాలవలసకీ, శ్రీకాకుళానికీ, ఆదివారాలు అరసవల్లికీ బేరాలు. మంచి చెయ్యి అని పేరు. ఇకపోతే నరసింగరావు ఇంట్లో అల్లుడంటే మామూలు మాట కాదు. అన్నం మాడిందని అల్లుడు అంటే మాడినట్టే. మాడలేదని కుండ తెచ్చి చూపించినా అందులోకి ఎవరూ తొంగిచూడరు. అల్లుడిలో లోపం చూడకూడదు, ఉన్నా అనకూడదు. తాతల నాటి నుంచీ అంతే.

అందుకే అరవై ఎనిమిది తొలకరిలో బంగారురాజు కొట్టు ముందు కారాపి, "ఒరే బావా, అద్దం మీద ఏటో పొర కడతందిరా. వైపరు తిరగతాదే గానీ తుడవదు," అన్నప్పుడు నరసింగరావు వైపరునే చూశాడు. రబ్బరు నిజంగానే ఎండకి బిరుసెక్కి ఉంది. కొత్త రబ్బరు వేశాడు. బావ సంతోషంగా వెళ్లిపోయాడు.

శ్రావణంలో మళ్లీ వచ్చాడు. ఈసారి మోటారు నీరసంగా ఉందన్నాడు. నరసింగరావు మోటారు విప్పి, లోపల కరెంటు అందించే బొగ్గుముక్కలు అరిగితే మార్చి, పళ్లచక్రానికి గ్రీజు పెట్టాడు. దసరాకి ఇంకోసారి వచ్చాడు. షావుకారు ఆయుధపూజ నాడు అద్దం నిండా ఆముదంలో కుంకుమ కలిపి బొట్లు పెట్టించాడు. పైన జల్లు పడేసరికి వైపరు ఆ జిడ్డునంతా ఈ చివర నుంచి ఆ చివరికి పులిమింది. సీకాయపొడి పెట్టి రుద్దితే గానీ వదల్లేదు. పాపం, ఆ రోజున తప్పు నిజంగా అద్దానిదే. అందువల్లే అందరూ మోసపోయారు.

కార్తీకం వచ్చేసరికి సంగతి ముదిరింది. బంగారురాజు కారు ఒక కల్వర్టు గోడని గీసుకుంది. ఇంకో రోజు శ్రీకాకుళం వెళ్లే ప్లీడరుగారిని ఎక్కించుకుని, ఎదురుగా వస్తున్న ఎడ్లబండికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ప్లీడరుగారు తిన్నగా షావుకారు దగ్గరికి వెళ్లి చెప్పారు. షావుకారు బంగారురాజుని పిలిపించి, "ఇంకో మాట నా సెవిన పడితే తాళాలు కొండబాబుకి ఇచ్చేస్తాను," అన్నాడు. కొండబాబు ఆయన లారీ డ్రైవరు. ఆ కారు కోసం ఏడాదిగా కాచుక్కూర్చున్నాడు.

నరసింగరావు అక్కడే ఉన్నాడు. "వైపరు దోషమండీ షావుకారుగారూ, బావది కాదు," అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట ఎవడో," అన్నాడు షావుకారు.

ఆ మాట నరసింగరావుకి ములుకులా దిగింది. "మద్దెల ఓడో కాదో నాను సూపిస్తానుండండి," అని వచ్చేశాడు. ఆ రోజు నుంచి రేడియోలన్నీ గోడవారన చేరాయి. బల్ల మీద ఒక్కటే పని.

బావని కూర్చోబెట్టి అడిగాడు. ఎదురు లారీ దీపాల చుట్టూ రంగురంగుల చక్రాలు కనబడుతున్నాయని బంగారురాజు చెప్పాడు. తలనొప్పి కూడా వస్తోందన్నాడు. నరసింగరావు రెండోమాట వినలేదు. మొదటిదాన్నే పట్టుకున్నాడు. అద్దం గీరుకుపోతే దీపం అలాగే విరిగి కనబడుతుందని ఆయనకి తెలుసు. గీరుకుపోవడం ఎందుకూ అంటే, తుంపర తక్కువగా ఉన్నప్పుడు కూడా వైపరు ఆగకుండా పొడి అద్దాన్ని గీకుతుంది గనక. కాబట్టి తుంపరలో అది ఒకసారి తుడిచి, ఆగి, మళ్లీ తుడవాలి. మనిషి కన్ను రెప్ప వేసినట్టు వెయ్యాలి. ఆలోచన చక్కగానే ఉంది. దాని మొదట్లోనే తప్పుంది.

మిషను ఎలా పనిచేస్తుందో నీలవేణికి ఆమె వంటింటి గడపలోనే కూర్చుని చెప్పాడు. "ఇదిగో, దీన్ని కండెన్సరంటారే సెల్లీ. ముంతనుకో. బేటరీ నుంచి కరెంటు సన్నగా, బొట్టుబొట్టుగా ఈ ముంతలోకి దిగతాది. ముంత నిండగానే ఈ ట్రాన్సిస్టరు లేస్తాది. ఇది లేచి ఆ రిలేని తడితే, టక్కుమని మోటారుకి దారి తెరుసుకుంటాది. వైపరు ఒక్కసారి అటెల్లి ఇటొచ్చి పడుకుంటాది. ఈలోగా ముంత ఒలికిపోతాది. మళ్లీ నిండాల, మళ్లీ లేవాల."

"మరి బొట్టు ఎంత సన్నగా దిగాలో ఎవరు సెప్తారు?"

"ఈ మర సెప్తాది. పాత రేడియోలో సౌండు పెంచే మరే ఇది. ఇటు తిప్పితే గబగబా తుడస్తాది, అటు తిప్పితే నింపాదిగా తుడస్తాది."

నీలవేణి అంతా విని, "బావ అంత సూసి తిప్పుతాడంటావా?" అంది. నవ్వుతూనే అంది. నరసింగరావూ నవ్వాడు. తర్వాత ఎన్నోసార్లు ఆయన ఆ నవ్వుని తిట్టుకున్నాడు.

అక్కడితో ఆగితే నరసింగరావు ఎందుకవుతాడు? అద్దం కడిగే ఏర్పాటు కూడా చేశాడు. ఆస్పత్రిలో సెలైను ఎక్కించే సీసా ఒకటి సంపాదించి ఇంజను పక్కన కట్టాడు. బేటరీతో తిరిగే రికార్డు ప్లేయరు మోటారుకి రేకు రెక్కలు బిగించి పంపు చేశాడు. రబ్బరు గొట్టం చివర ఇంజక్షను సూది. మీట నొక్కితే అద్దం మీదికి నీళ్లు చిమ్ముతాయి. దానికి ఇంకో కండెన్సరు. మీట వదిలేశాక కూడా ఆ కండెన్సరు ఖాళీ అయ్యేదాకా వైపరు తిరుగుతూ, నీళ్లన్నీ తుడిచి పొడి చేసి అప్పుడు పడుకుంటుంది. ఇలాంటిది ఆ జిల్లాలో ఏ కారుకీ లేదని ఆయన నమ్మకం. నిజమే కావచ్చు.

షావుకారు ఇంటి ముందు అందరూ చూస్తుండగా బంగారురాజు మీట నొక్కాడు. సూదిలోంచి నీళ్లు సన్నగా లేచి అద్దం మీద పడ్డాయి. వైపర్లు రెండూ బుద్ధిమంతుల్లా లేచి, తుడిచి, వాటి చోటికి పోయి పడుకున్నాయి. షావుకారు కూడా "అబ్బో" అన్నాడు. కొండబాబు మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. బంగారురాజు బావమరిది భుజం మీద చెయ్యేసి, "నువ్వుండగా నాకేటి బయ్యంరా," అన్నాడు. నరసింగరావుకి ఆ పూట భూమ్మీద కాళ్లు ఆనలేదు.

పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం, బాగుచేసిన రేడియో ఒకటి ఆమదాలవలసలో ఇవ్వాల్సి వచ్చి నరసింగరావు బావ పక్కన ఎక్కాడు. బయల్దేరే ముందు పాత పేపరు తడిపి అద్దాన్ని తనే లోపలా బయటా తుడిచాడు. తన మిషను ఉన్న అద్దం మీద ఆయనకి అంత మమకారం మరి. వాన లేదు, మంచు లేదు, ఎండ ఫెళ్లున కాస్తోంది. వరికోతలు అయిపోయి పొలాలన్నీ బోసిగా ఉన్నాయి. తీగ మీద కూర్చున్న పాలపిట్ట రెక్కలో నీలం కూడా ఆయనకి కనబడుతోంది.

ఊరు దాటిన కాసేపటికి బంగారురాజు చెయ్యి చాచి మీట నొక్కాడు. నీళ్లు చిమ్మాయి. వైపర్లు తుడిచి పడుకున్నాయి. ఇంకాసేపటికి మళ్లీ నొక్కాడు.

"ఏటి బావా, ఎందుకు నొక్కతన్నావు?"

"మంచు దిగింది కదరా. సూడు, ఎలా కమ్మీసిందో."

నరసింగరావు అద్దం వైపు చూశాడు. అద్దం వెనక తాటిచెట్లు, వాటి మట్టల అంచులు, దూరంగా గడ్డివాము మీద నిలబడ్డ మనిషి, అంతా తేటగా ఉంది. బావ మొహంలోకి చూశాడు. బంగారురాజు మెడ ముందుకు చాచి, కళ్లు చికిలించి, అక్కడ లేని మంచులోకి చూస్తూ నడుపుతున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎడమపక్క గట్టు మీంచి వరిమోపు ఎత్తుకున్న ఒక ముసలామె రోడ్డెక్కింది. నరసింగరావు చూశాడు. బావ చూడలేదు. వేగం తగ్గలేదు, హారను మోగలేదు. నరసింగరావు "బావోయ్!" అని అరిచి స్టీరింగుని రెండు చేతులా తనవైపుకి గుంజాడు. కారు ఆమె వెనకనుంచి పోయి రోడ్డు దిగి, కోసిన పొలంలో కుదుపులు తిని ఆగింది. ముసలామె మోపు కింద పడేసి, ఇద్దరి ఏడు తరాల్నీ తిట్టింది. ఆమెకి దెబ్బ తగల్లేదు.

బంగారురాజు స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, "ఎవురురా? ఎటునుంచి వచ్చినాది?" అని అడిగాడు.

విశాఖపట్నంలో కంటి డాక్టరుకి చూపించాలని ఇద్దరూ ఆ పొలంలోనే అనుకున్నారు. నీలవేణికి మాత్రం వైపరు మోటారుకి ఒక సామాను కావాలి, ఇక్కడ దొరకదు, పట్నం వెళ్లొస్తామని చెప్పారు. ఆమె పులిహోర కట్టి ఇచ్చింది.

డాక్టరు పెద్దాయన. దీపంతో చాలాసేపు చూశాడు, వేలితో రెప్పల మీద నొక్కి చూశాడు. నీటికాసులు అన్నాడు. కంట్లో నీళ్లు బయటికి పోయే దారి మూసుకుని, లోపల ఒత్తిడి పెరిగి, చూపు నరం చచ్చిపోతుందట. పక్కచూపు ముందు పోతుంది. దీపాల చుట్టూ రంగుల చక్రాలు కనబడతాయి. తలనొప్పి వస్తుంది. "పోయిన చూపు ఇక రాదు. మిగిలిన ఆ కాస్తా నిలుస్తుందేమో చుక్కల మందు ఇచ్చి చూద్దాం. బండి మాత్రం ముట్టకూడదు," అన్నాడు. తర్వాత మెల్లగా, "చక్రాలు కనబడ్డప్పుడే వచ్చి ఉంటే ఆపరేషను చేసి ఇంత పోకుండా ఆపేవాళ్లం," అన్నాడు.

చక్రాల మాట నరసింగరావుతోనే చెప్పాడు బావ. తలనొప్పి మాటా తనతోనే చెప్పాడు. తను పోయి ట్రాన్సిస్టర్లు అతికించాడు. బావ కన్ను ఆరిపోతుంటే తను అద్దం తుడుస్తూ కూర్చున్నాడు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఆస్పత్రి వరండాలో అందరిముందూ ఏడ్చాడు.

తిరుగు రైల్లో పులిహోర పొట్లం విప్పనే లేదు. ముందు బంగారురాజే మాట్లాడాడు.

"ఒరే బావా, నీ మిషను తప్పు కాదురా. బాగా తుడిసినాది."

"ఊరుకో బావా."

"కాదు, విను. అద్దం కాదని దసరా దాటినాక నాకు తెలిసిపోయినాది. సీకాయి పెట్టి కడిగినాక కూడా పొర అలాగే ఉండిపోయినాది గదా."

"మరి సెప్పలేదేటి?"

"ఏటని సెప్తాను? గుడ్డోడికి కారెవుడిస్తాడు? మీ ఇంట్లో నన్ను నెత్తిన పెట్టుకుంటారు. నానింక పనికిరానని ఆ ఇంట్లో ఏ నోటితో సెప్తాను?" అన్నాడు. "అదొకటే కాదులే. నువ్వు ఒకటి బాగుసేసినప్పుడల్లా, ఇంకొకటి కూడా బాగుసేసీస్తే సరిపోతాదేమోననిపించీది. నీ సెయ్యి మంచిది కదా. ఆశపడినానురా."

తప్పు చేశావురా అని బావ తిట్టినా నరసింగరావుకి ఇంత బాధ ఉండేది కాదు. బావ నమ్మాడు. ఆ నమ్మకమే అతని కళ్లు తినేసింది.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. నీలవేణి అరుగు మీద బియ్యం చెరుగుతోంది. వాళ్లని చూసి చేట పక్కన పెట్టి లేచింది.

"సామాను దొరికిందా బావా?"

"దొరకలేదే," అన్నాడు బంగారురాజు.

"పోన్లే, మా అన్నియ్య ఏదో ఒకటి సెయ్యడా ఏటి? కాళ్లు కడుక్కోండి, అన్నం పెడతాను," అని లోపలికి తిరిగింది.

అరుగుకి మెట్లున్నాయి. పెళ్లైన నాటి నుంచి బంగారురాజు చూడకుండా ఎక్కే మెట్లే. ఆ సాయంత్రం మాత్రం, ఇక దాచాల్సిన పని లేదనుకున్నాడో ఏమో, ఒక చెయ్యి గోడకి ఆనించి కాలితో మెట్టుని తడిమి చూసుకున్నాడు. తడిమి, ఎక్కి, ఇంకో మెట్టు కోసం మళ్లీ తడిమాడు.

గుమ్మంలో నీలవేణి ఆగిపోయింది. మొగుణ్ణి చూసింది. అన్న మొహం చూసింది. గబగబా దిగివచ్చి బంగారురాజు చెయ్యి పట్టుకుంది. ఆమె అతన్ని ఏమీ అడగలేదు. అడిగింది అన్ననే.

"ఎన్నాళ్ల నుంచన్నియ్యా?"

నరసింగరావు తల వంచుకుని, "తొలకరి నుంచేనమ్మా," అన్నాడు.