నిప్పు రాల్చని సుత్తి

నేను ఒక సుత్తిని. ఆ మాట వినగానే మీలో కొందరు నవ్వుతారని తెలుసు. విసుగు పుట్టించే కబుర్లకు నా జాతి పేరు పెట్టుకున్నారు మనుషులు. పెట్టుకోండి. నాది ఇత్తడి ఒళ్లు. ఓడరేవు పక్కన ఒక పెట్రోలు డిపోలో ఏళ్ల తరబడి పనిచేశాను.

నిజానికి నాకిది రెండో జన్మ. మొదటి జన్మలో నేను అచ్చమైన రాగిని.

విజయనగరంలో భద్రాచారి అనే కంచరి ఉండేవాడు. రాగితో పూజ చెంబులు, పంచపాత్రలు చేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. రాగిలో మరో లోహం కలపడమంటే పాలల్లో నీళ్లు పోసినంత తప్పుగా చూసేవాడు. ఒకనాడు డిపోలో పనిచేసే దమయంతి ఆయన దగ్గరికి వచ్చింది. ఇనుము ఇనుముకు తగిలితే రవ్వ లేస్తుందనీ, పెట్రోలు దగ్గర ఆ రవ్వ చాలు కొంపలు అంటుకోవడానికనీ చెప్పి, రవ్వ లేవని సుత్తి కావాలని అడిగింది.

"రాగి నిప్పు రాల్చదమ్మా. స్వచ్ఛమైన దాంతోనే చేసిస్తాను" అని భద్రాచారి నన్ను పోతపోశాడు.

ఎర్రగా, మెత్తగా, అందంగా పుట్టాను. తీగగా సాగమంటే సాగేదాన్ని, రేకుగా పరుచుకోమంటే పరుచుకునేదాన్ని. అలాంటి నన్ను తీసుకెళ్లి బిగుసుకున్న నట్ల మీద మోదారు. నెల తిరక్కుండానే దమయంతి నన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఆచారి గారూ, ఇది సుత్తి కాదండీ, అప్పడం!"

నా ముఖం పుట్టగొడుగులా విచ్చుకుపోయింది. తుత్తునాగం, అదే జింకు, కలిపితే నేను ఇత్తడినై గట్టిపడతానని భద్రాచారికి తెలియక కాదు, కలపడానికి మనసు రాలేదు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. సంగతి విని భార్య వరహాలమ్మ నవ్వింది.

"ఒట్టి బియ్యంతో అట్టు ఎయ్యగలమేటండీ? పెనానికి అతుక్కుపోద్ది. రెండు పాళ్లు బియ్యానికి ఒక పాలు మినప్పప్పు పడాల. దాన్ని కల్తీ అంటారా, వంట అంటారా?"

ఆయన లేచి కొలిమి రాజేశాడు.

నేను కరిగాక, నా బరువులో సగం తుత్తునాగం ముక్కలు నాలో వేశాడు. తుత్తునాగానికి తొందరెక్కువ, నా వేడికి తాళలేక కొంత తెల్లటి పొగై ఎగిరిపోయింది. భద్రాచారి పైన బొగ్గుపొడి చల్లి, మూత వేసి, మిగిలినదాన్ని నాలో నిలబెట్టాడు. ఈసారి ఇసుక అచ్చులోకి తేనెలా జారాను. చల్లారాక చూస్తే నా ఎరుపు పోయి పసుపు వచ్చింది. మునుపు తడితే మొద్దుగా పలికిన ఒళ్లు ఇప్పుడు ఖంగుమంది. ఆయన ముఖం వెలిగింది.

పోగొట్టుకున్నదీ ఉంది, దాచను. రాగిగా ఉన్నప్పుడు పారినంత కరెంటు ఇప్పుడు నాలో పారదు. నాలుగోవంతు పారితే గొప్ప. కాని రవ్వ రాల్చని గుణం రాగిది, అది నాలోనే ఉండిపోయింది. దెబ్బకు ఓర్చుకునే గుణాన్ని తుత్తునాగం తెచ్చింది. చూసినవాళ్లు "బంగారంలా ఉందే" అంటారు. బంగారంతో ఒక్క నట్టు ఊడదీయమనండి, చూద్దాం!

ఒక వేసవి ఉదయం సన్యాసిరావు అనే డ్రైవరు ట్యాంకరు తెచ్చాడు. ఆ సాయంత్రం చోడవరంలో అతని కూతురి బారసాల. త్వరగా పెట్రోలు నింపుకుని వెళ్లాలి. తీరా చూస్తే ట్యాంకరు పైమూత నట్టు తుప్పుపట్టి కదలడం లేదు. పక్కన మరో ట్యాంకరు నిండుతోంది. దాని నోటి దగ్గర పెట్రోలు ఆవిరి ఎండమావిలా అల్లాడుతోంది. ఓపిక నశించిన సన్యాసిరావు సీటు కింద నుంచి ఇనప సుత్తి తీసుకుని పైకెక్కాడు.

దమయంతి నన్ను పట్టుకుని పరుగున మెట్లెక్కింది. "దింపన్నయ్యా! ఆ ఇనప సుత్తి దింపు!"

"ఒక్క దెబ్బమ్మా. ఏటవుద్ది?" అంటూ అతను సుత్తి ఎత్తాడు.

ఆమె వెళ్లి నట్టు మీద అరచెయ్యి పెట్టింది.

"అయితే ముందు నా సెయ్యి మీద కొట్టు."

ఇనప సుత్తి గాలిలోనే ఆగిపోయింది. సన్యాసిరావు మెల్లగా దాన్ని దించి ఆమెకిచ్చాడు. ఆమె నన్ను అతని చేతిలో పెట్టింది.

"ఈ పచ్చదానితో ఊడుద్దేటి?" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి కన్నా భయమే ఎక్కువ.

కొట్టాడు. ఉక్కు నట్టు నాకన్నా గట్టిది, కాదనను. దాని అంచు నా ముఖంలో లోతుగా దిగింది. గాయం నేను తీసుకున్నాను, రవ్వ మాత్రం ఇవ్వలేదు. ఇంకో దెబ్బ. మరొకటి. తుప్పు పొడిగా రాలి నట్టు కదిలింది.

సన్యాసిరావు మెట్ల మీదే కూలబడ్డాడు. "నా పిల్లకి పేరెట్టకుండానే పోదును గదమ్మా" అని ఏడ్చాడు. దమయంతి అతనికి మంచినీళ్లిచ్చి, పక్కనే కూర్చుంది. అరచేతికి అంటిన తుప్పును అప్పుడు తుడుచుకుంది.

ఇప్పుడు నేను డిపోలో అద్దాల బీరువాలో ఉంటున్నాను. కొత్తగా చేరినవాళ్లకు నన్ను చూపిస్తారు. ముఖం మీది గాటును ఆకురాయితో నునుపు చేస్తామంటే దమయంతి ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ రోజు ట్యాంకర్లు వరసగా గేటు దాటి వెళ్లాయి. గోడ అవతల చేపల బజారు ఎప్పటిలాగే అరుపులతో నడిచింది. బడి వదిలాక పిల్లలు ఇళ్లకు చేరారు. చోడవరంలో ఒక పసిపాప ఉయ్యాలెక్కింది. మర్నాటి పేపర్లో మా డిపో గురించి ఒక్క ముక్క రాలేదు.

అంతకన్నా గొప్ప పేరు ఏ సుత్తికి వచ్చి ఉంటుంది?