పేలుడు తర్వాత

భర్త చొక్కా ఆమె ఇస్త్రీ చేస్తుండగా నిర్మాత ఫోన్ చేశాడు. వదిన చివరి సినిమాకి పేరున్న ఎడిటర్ దొరికాడట. రేపు మనిషిని పంపిస్తే హార్డ్‌డిస్క్ ఇచ్చెయ్యాలట. పేలుడుతోనే సినిమా మొదలుపెడతారట. సరేనని పెట్టేసింది. ఆ ఇంట్లో సరే అనడం ఆమెకి ఊపిరి తీసుకున్నంత అలవాటు.

వదిన అంటే భర్తకి అక్క. ఎక్కడ యుద్ధమైతే అక్కడికి కెమెరా భుజాన వేసుకుని వెళ్ళి డాక్యుమెంటరీలు తీసేది. పోయిన నెల అలాంటి ఒక ఊళ్ళోనే షెల్లు పడి చనిపోయింది. ఆడదానికి బాంబుల మధ్య ఏం పని అని బతికున్నన్నాళ్ళూ సాధించిన అత్తగారు, ఇప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళకి నా కూతురి ధైర్యం నా పోలికే అని చెబుతోంది. వదిన తెచ్చిందంతా ఏరి, కోసి, అతికించి సినిమాగా నిలబెట్టింది మాత్రం ఈ మరదలు. భోజనాల బల్ల మీద, ఒక కన్ను పొయ్యి మీది పాలకేసి పెట్టి. ఎడిటర్‌గా ఆమె పేరు వేద్దామని వదిన పట్టుబట్టినప్పుడల్లా భర్త నవ్వేవాడు.

"ఇంట్లో కూర్చుని కాస్త చేతిసాయం చేసినదానికి పేరెందుకక్కా?"

ఆమె కూడా నవ్వేది. అలా నవ్వినందుకు ఇప్పుడు ఒళ్ళు మండింది.

ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. చివరి ఫైలు పెట్టింది. ఒక బడి నేలమాళిగలో నొప్పులు పడుతున్న ఆడమనిషి, పక్కన మంత్రసాని. వదిన కెమెరాని అలమరలో నిలబెట్టి, బిందె తీసుకుని నీళ్ళకోసం బయటికి పరుగెత్తింది. పేలుడు. తెర నల్లబడింది. మొదటిసారి చూసినప్పుడు నిర్మాత అక్కడే ఆపేశాడు. భర్త అక్కడే లేచి వెళ్ళిపోయాడు. ఆమెకీ ఇన్నాళ్ళూ అంతకు మించి చూసే గుండె లేకపోయింది. కానీ ఫైలు ఇంకా మిగిలే ఉంది. మొత్తం చూడందే కత్తెర పట్టకు పిల్లా అనేది వదిన.

ఈసారి ఆపలేదు. చీకటి. మట్టి రాలుతున్న చప్పుడు. ఎవరిదో దగ్గు. తర్వాత మంత్రసాని గొంతు, కోపంగా, బతిమాలుతూ, ఊపిరాడనివ్వకుండా. అర్థంకాని ఆ భాషలో అంటున్నదేమిటో ప్రసవించిన ఏ ఆడదానికైనా తెలుస్తుంది. ఆమె హెడ్‌ఫోన్లని రెండు చేతులా చెవులకి అదుముకుంది. ఒక పెద్ద కేక. ఆ వెంటనే సన్నగా, గునుస్తున్నట్టు, అప్పుడే లోకంలోకి వచ్చిన ఏడుపు.

ఆమె దిగ్గున లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. వెనక్కి తిప్పి మళ్ళీ వింది. సినిమా మొత్తం ఒక్కసారిగా కళ్ళముందు పరుచుకుంది. ఎక్కడ మొదలవ్వాలో, ఏ మౌనం ఎంతసేపు ఉండాలో. వేళ్ళు వాటంతటవే కీబోర్డు మీద పరుగులు తీశాయి. చొక్కా ఏదని భర్త వచ్చి అడిగితే, సగమైంది, మిగతాది మీరు చేసుకోండి అంది తల తిప్పకుండా.

నిర్మాతకి ఫోన్ చేసి ఆ ఏడుపు వినిపించింది. అతను మళ్ళీ ఒకసారి వినిపించమని అడిగి విన్నాడు.

"ఇంత గొప్ప ముగింపు దొరికాక, అనుభవమున్న చెయ్యి పడాలమ్మా. రేపు ఆ ఎడిటర్నే పంపిస్తాను."

"పంపించండి," అందామె. "నాకెలాగూ ఒక అసిస్టెంట్ కావాలి."