ఫకీర్ సాబ్ గొంతుకు రెండు తాళాలు

పెనుకొండలో నాది మైక్ సెట్ అంగడి. పేరు మసూద్. రెండువేల నాలుగు దాకా ఇరవై ఏళ్లు మా పీర్ల పండక్కి మైకు నాది, పాట ఫకీర్ సాబ్‌ది. ఆ ఏడే గొంతు ఆపరేషన్ అయ్యాక ఆయనకు మాట పోయింది. రెండువేల ఐదులో, పీర్లు ఏటికి కదిలే రోజున, ఆయన భార్య జైనాబీ ఒక సీడీ తెచ్చి నా చేతిలో పెట్టింది. వెనకాలే ఆయన.

"హిందూపురం కంపెనీవాళ్లు పాడించుకున్న పాటలు మసూదూ. పాత క్యాసెట్లన్నీ వాళ్లే ఎత్తుకపోయినారు. ఈయన గొంతు ఇంక దీంట్లోనే ఉండాది. పీర్లు లేచేటప్పుడు మోగల్ల" అంది.

కంప్యూటర్లో పెడితే అనుమతి లేదని ఎర్రక్షరాలు వచ్చాయి. ప్లేయర్లో పెడితే గిరగిరా తిరిగి ఆగిపోయింది. కంపెనీ శ్రీరాములుకు ఫోన్ చేశాను.

"లాక్ ఏసినాం మసూదూ, కొన్ని ప్లేయర్లలో పలకదు. కాపీ కొట్టే నా కొడుకులు ఎక్కువైనారు. ఆయన పాటను కాపాడల్ల కదప్పా" అన్నాడు, ఎంతో దయగా.

ఒళ్లు మండిపోయింది. బస్టాండు ముందర తోపుడుబండి మీద అవే పాటలు పొద్దస్తమానం మోగుతున్నాయి. ఏం కాపాడినట్టు, వీడి మొహం? పాడినవాడి చేతిలో సీడీకే తాళం. ఛీ అనుకుంటూనే వెళ్లి ఆ దొంగ సీడీ తెచ్చాను.

అది ప్లేయర్లో బ్రహ్మాండంగా పలికింది. తన గొంతు విని ఫకీర్ సాబ్ కళ్లు మూసుకున్నాడు. అంతలో పాట నడుమ ఒక ఆడగొంతు దూరింది: "పెళ్లి వీడియోలకు, సీడీలకు, ధర్మవరం మార్కెట్ పక్కన..." ప్రతి పాటలోనూ అదే.

"ఆ మాట కోసేయి మసూదూ. పీర్ల ముందర అదేం పాడు" అంది జైనాబీ.

కోద్దామని కంప్యూటర్లోకి ఎక్కిస్తే మళ్లీ ఎర్రక్షరాలే. పక్కంగడి దొంగ తన సరుకు ఎత్తుకుపోకుండా ధర్మవరం దొంగ కూడా తాళం వేసుకున్నాడు! నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు. పీర్లు లేవడానికి గంట కూడా లేదు.

"అది వచ్చినప్పుడంతా సౌండు తగ్గిస్తాలే చిన్నమ్మా" అన్నాను.

పీర్ల చావిడి ముందర సౌండు నాబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. మూడు పాటలు దాటించాను. నాలుగో పాటలో పీరును భుజానికెత్తుకుంటుంటే జనంతోపాటు నేనూ తలెత్తి చూశాను. "ధర్మవరం మార్కెట్ పక్కన" అని ఊరంతా వినిపించింది. ఎవడో పకపకా నవ్వాడు.

ఫకీర్ సాబ్ నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టడానికి గొంతేదీ? వంగి, తన చేత్తోనే వైరు పీకేశాడు.

ఆ ఏడు పీర్లు ఒట్టి తప్పెట్లతో కదిలాయి.