కిటికీ పైన లైటు

మా ఆయన బసవపున్నారావు మామిడికాయల్ని చూసినంత శ్రద్ధగా నన్నెప్పుడూ చూడలేదు. ఆ సంగతి ఎనభై నాలుగు వేసవిలో, నూజివీడు ఎలక్ట్రికల్ షాపులో నాకు బాగా అర్థమైంది. బాత్రూంలోకి లైటు కొందామని వెళ్తే, ఆయన తుండుగుడ్డలోంచి రెండు బంగినపల్లి కాయలు తీసి, వెలుగుతున్న ప్రతి లైటు కిందా తిప్పి తిప్పి చూశారు.

"పసుపు బల్బు వద్దండీ. దాని కింద పచ్చికాయ కూడా పండులాగే కనపడుద్ది," అని షాపాయనకి చెప్పారు.

"మనం బాత్రూంలో కాయలు మాగేస్తామా ఏంటండీ?" అన్నాను.

"ఎక్కడైనా వెలుగు వెలుగే," అన్నారు.

అంతకుముందు ఏడు మా పెరటి పక్కనున్న మామిడికాయల షెడ్డులో బల్బు వెలుతురుకి రంగు పోల్చుకోలేక పచ్చివీ పండినవీ కలిపి బుట్టలకెత్తించారు. అప్పట్నుంచి ఆయన కంటికి ట్యూబులైటు తప్ప మరోటి ఆనదు. నేను చూపించిన పాలరంగు గాజు గుండు వైపు తల కూడా తిప్పలేదు. ట్యూబులైటు కొని నా చేతికిచ్చి, స్కూటరు మీద మా ఊరు ఆగిరిపల్లి తీసుకొచ్చారు. ప్రతి గోతి దగ్గరా నా పైప్రాణాలు పైనే పోయాయి.

అసలు ఆ బాత్రూం కట్టించిందే మా అత్తగారు నాగేంద్రమ్మ గారి కోసం. కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆవిడ స్నానం పెరట్లో తాటాకు దడి వెనకే, అదీ తెల్లవారకముందు, చీకట్లోనే. అంతకుముందు చలికాలంలో అక్కడి నాపరాయి మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఈసారి పడితే తుంటి విరుగుతుంది, ఇక మంచమేనన్నాడు డాక్టరు. అప్పట్నుంచి తెల్లవారుజామున నాకు నిద్ర ఉండేది కాదు. దడి వెనక చెంబు చప్పుడు ఆగితే నా గుండె ఆగినంత పనయ్యేది. ఆవిడంటే నాకు భయమే, కానీ అంతకంటే ఇష్టం ఎక్కువ.

కరెంటు పనిచేసే సలోమోను వచ్చి, మా ఆయన చెప్పినట్టే కిటికీకి ఎదురుగోడ మీద ట్యూబులైటు బిగించాడు. స్విచ్చి వేస్తే పట్టపగల్లా ఉంది. మర్నాడు అత్తగారు తుండు పట్టుకుని లోపలికెళ్ళారు. వెళ్ళినట్టే, ఒంటి మీద చుక్క నీళ్ళు పడకుండా బయటికొచ్చేశారు.

"ఏం అత్తయ్యా?"

"నేనేమన్నా కాయనా, అంత వెలుగులో పెట్టి ఏరడానికి?"

"పోనీ, లైటు ఆపేసుకుని చేయండి."

"చీకట్లో చేసేదానికి ఆ దడే నయం కదే," అని పెరట్లోకి వెళ్ళిపోయారు.

బతిమాలాను. కోప్పడ్డాను కూడా. పెద్దతనం, మొండితనం అన్నారు మా ఆయన. నేనూ అలాగే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత పొద్దుగూకాక షెడ్డులో కూలీలకి మజ్జిగ ఇచ్చి వస్తూ పెరట్లో ఆగిపోయాను. బాత్రూం కిటికీ గరుకు గాజు మీద మా ఆయన నీడ, బొజ్జతో సహా. వీపు రుద్దుకుంటోంది. బుట్టల్లో గడ్డి పరుస్తున్న ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. నాకూ నవ్వాగలేదు. అంతలో అత్తగారు గుర్తొచ్చి నవ్వు కాస్తా పోయింది. కోతల రోజుల్లో ఆ జనమంతా షెడ్డులోనే పడుకుని, తెల్లవారకముందే లేస్తారు.

లోపలికెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. "నీడ పడుద్దనేగా అత్తయ్యా?"

"సందెవేళ సలోమోను లైటు బిగించి వేసి చూస్తుంటే పెరట్లోంచి చూశా. వాడి వేళ్ళు కూడా కనపడ్డాయి. కొడుకు ముచ్చటపడి పెట్టించాడు. వాడికి నేనెట్టా చెప్పనే?"

నాకు మా ఆయన మీద కోపమొచ్చింది, నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది. పొద్దున్నే ఆవిడని బస్సెక్కించి నూజివీడు తీసుకెళ్ళాను. ఈసారి మీరే చూసుకోండి అంటే, "నన్నెవరడిగారే ఇన్నాళ్ళూ," అంటూనే షాపంతా తీరిగ్గా చూశారు. చివరికి ఆ పాలరంగు గాజు గుండు దగ్గర నిలబడ్డారు.

"ఇది కళ్ళలోకి కొట్టట్లేదు," అన్నారు.

దాన్ని కిటికీ ఉన్న గోడకే, కిటికీకి పైన పెట్టించాను. వెలుగు మనిషి మీద పడుతుంది, నీడ ఎదురుగోడ మీదికి పోతుంది. సాయంత్రం చీకటి పడ్డాక సలోమోనుని లోపల చేతులూపమని, మేమిద్దరం పెరట్లోంచి చూశాం. గాజు మీద ఏమీ లేదు. అత్తగారు మళ్ళీ ఊపమన్నారు. ట్యూబులైటు షెడ్డుకి పోయింది. మా ఆయన దానికే సంతోషించారు.

మర్నాడు తెల్లవారుజామున ఆవిడ బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. నేను బయటే నిలబడ్డాను. చెంబు చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆగిపోయింది.

"అత్తయ్యా," అని పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచి తలుపు మీద చెయ్యి వేశాను. గడియ తీసిన చప్పుడైంది. తడి చీర చుట్టుకుని, గోడకున్న అద్దానికి వీపు పెట్టి, మెడ తిప్పి చూసుకుంటున్నారు డెబ్బై ఏళ్ళ మా అత్తగారు.

"కుడి భుజం వెనక పుట్టుమచ్చ ఉందని మా అమ్మ అంటుండేదే. నన్ను ఏడిపించడానికి అంటోందనుకునేదాన్ని. ఉందే అమ్మాయ్, నిజంగానే ఉంది."

చూడమని ఆవిడ భుజం మీద కొంగు కాస్త పక్కకి జరిపారు. కందిగింజంత ఉంది, నల్లగా.