తేదీ లేని అక్షరాలు

మధ్యాహ్నం సైరన్ మోగినా అచ్చులమ్మ అన్నానికి లేవలేదు. రేకు కోస్తూనే ఉంది. నిన్న సరిగ్గా ఇదే వేళకి డబ్బా మూతలు కొట్టే ప్రెస్సు మిషను ఆమె తమ్ముడి కుడిచేతిని మణికట్టు దాకా నలిపేసింది. మిషను కడిగేశారు, మళ్ళీ నడుపుతున్నారు. చెయ్యి లోపలికి పోకుండా అడ్డుండాల్సిన జాలీని ఇవాళ పొద్దున్న బిగించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాకపోతే ఇక్కడ కాలింది ఒకడి చెయ్యి, ఆకులు పట్టుకున్నది ఇంకొకడు.

ఆ జాలీ విప్పించింది సూపర్‌వైజరే. అది అడ్డుంటే డబ్బా మూతలు గబగబా దిగడం లేదట.

అచ్చులమ్మ అసలు పేరు ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. డబ్బాల మీద, పెట్టెల మీద, గోడల మీద కనిపించే లావుపాటి అక్షరాలన్నీ ఆమె కోసిన రేకుల్లోంచి దిగినవే. గుండ్రటి అక్షరాన్ని రేకులో కోస్తే మధ్య ముక్క ఊడి కింద పడుతుంది. అందుకని ప్రతి సున్నాకీ రెండు పట్టీలు వదిలేది. తలకట్టుని అక్షరం నుంచి విడదీసి, బొటనవేలంత మందాన గీసేది. కళ్ళజోడు లేని ముసలివాడు కూడా దూరం నుంచే చదువుకోవాలని ఆమె పట్టుదల. యజమానికి ఆ అక్షరాలంటే మహా మోజు. వాటితో ఏది రాసినా సర్కారు మాటలా ఉంటుందనేవాడు.

రాత కింద తేదీ వేయాలన్న రూలు కూడా ఆయన పెట్టిందే. వెనకటి పెయింటరు పాత రాతలు చూపించి కొత్తగా కూలి పట్టుకుపోయాడని, తేదీ లేని పనికి కూలి లేదన్నాడు.

సూపర్‌వైజరు వచ్చి రేకుల పక్కన నిలబడ్డాడు.

"ప్రెస్సు మిషను వెనక గోడమీద 'జాలీ లేకుండా మిషను నడపరాదు' అని కొట్టు. సాయంత్రానికల్లా అయిపోవాలి. రేపు తనిఖీ ఆఫీసరు వస్తున్నాడు."

"సరే సార్. తేదీ?"

"తేదీ వద్దు. ఆరాక మసీ పాత గ్రీజూ కలిపి పూసెయ్. ఎప్పట్నుంచో ఉన్నట్టుండాలి. చేత్తో రాస్తే పాతదో కొత్తదో తెలిసిపోతుంది గానీ, నీ అచ్చులకి వయసేముంది?"

అచ్చులమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. హెచ్చరిక ముందే ఉందంటే తప్పు తమ్ముడిది. తప్పు వాడిదైతే చేతికి పరిహారం పైసా రాదు.

"వాడు నా తమ్ముడు సార్."

"అందుకే చెప్తున్నా. చెయ్యి ఎలాగూ పోయింది. నీ పని కూడా పోతే మీ ఇంట్లో పొయ్యెలా వెలుగుతుంది? వాడి పిల్లలకి ఇక నువ్వే కదమ్మా దిక్కు."

ఏం దయ, ఏం దయ. గోరుచుట్టు మీద రోకటి పోటు వేసేవాడు కూడా ఇంత మెత్తగా మాట్లాడడు.

ఆమె కొట్టింది. కొట్టక ఏం చేస్తుంది, చెప్పండి. నీతులు వల్లించడానికైనా కడుపులో నాలుగు మెతుకులుండాలి. రేకు గోడకి ఆనించి రంగు అద్దింది. ఆరాక మసి పూసింది. వెనక్కి జరిగి చూస్తే, ఆ రాత ఏళ్ళ తరబడి అక్కడే ఉందని ఆమెకే అనిపించింది. అంత బాగా కుదిరినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం ఆసుపత్రికి అన్నం పట్టుకెళ్ళింది. తమ్ముడు మోచేతి దాకా కట్టుతో పడుకుని ఉన్నాడు. వాడికి ఆ పని ఇప్పించింది ఆమే. ఎడంచేత్తో తినడం రాక మెతుకులు రాలుతుంటే, తనే ముద్దలు చేసి పెట్టసాగింది.

"సూపర్‌వైజరొచ్చాడక్కా. గోడమీద రాసుందిగా, చెయ్యెందుకు పెట్టావన్నాడు. అక్కడేం లేదన్నాను. ఉంది, మీ అక్క అక్షరాలేనన్నాడు."

అచ్చులమ్మ ఇంకో ముద్ద కలిపింది.

"నీ అక్షరాలైతే ఉండే ఉంటాయిలే. నేనే చూసుకోలేదేమో. ఇన్నాళ్ళూ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నానో ఏమో. తప్పు నాదేనక్కా."

ఆమెకి ఏడుపు రాలేదు. వాడి చెయ్యి తీసుకున్నది చాలక ఇప్పుడు కళ్ళు కూడా తీసేసుకున్నారు. అది తన చేత్తోనే చేయించారు.

"నీ కళ్ళు బాగానే ఉన్నాయిరా," అంది. కలిపిన ముద్ద వాడి నోటికందించింది.

పొద్దున్న ఆఫీసరు ఆ గోడ ముందు నిలబడ్డాడు. యజమాని చేతులు కట్టుకుని పక్కనే ఉన్నాడు.

"చూడండి సార్, ఎప్పట్నుంచో ఉంది. ఎంత పెద్దక్షరాలో చూడండి. వీళ్ళు చదివితేగా," అన్నాడు సూపర్‌వైజరు.

ఆఫీసరు తలూపి, రాసుకోవడానికి పెన్ను తీశాడు. వెనకనుంచి అచ్చులమ్మ రంగు డబ్బాతో, అంకెల రేకుతో వచ్చింది.

"కాస్త జరగండి సార్. ఇక్కడ పని మిగిలిపోయింది."

ఎవరూ ఏమీ అనేలోపే రాత కింద రేకు ఆనించి రంగు అద్దేసింది. సూపర్‌వైజరు పళ్ళు బిగించి, "ఏం చేస్తున్నావ్?" అన్నాడు.

"తేదీ సార్. తేదీ లేని పనికి కూలి లేదని అయ్యగారే అన్నారు కదా. మా తమ్ముడి చెయ్యి మొన్న పోయింది. నేనిది నిన్న కొట్టాను, మీరు కొట్టమంటేనే."

రేకు తీసింది. నిన్నటి తేదీ. బొటనవేలంత మందాన, కళ్ళజోడు లేని ముసలివాడు కూడా దూరం నుంచే చదువుకునేలా. చివరి అంకె కిందనుంచి రంగు సన్నగా జారుతోంది. ఆఫీసరు పెన్ను ఇంకా కాగితం మీద ఆనలేదు. యజమాని ఆఫీసరు మొహంలోకి చూస్తున్నాడు.

"మసి తెచ్చి పుయ్యి దానికి," అన్నాడు సూపర్‌వైజరు, గొంతు బాగా తగ్గించి.

"పుయ్యను," అంది అచ్చులమ్మ.